పిట్టల కాళ్ల చీటీలు

దసరా సెలవులయ్యాక మొదటి రోజు కాలేజీకి వెళ్లి మ్యూజియం గది తలుపు తీశాను. సొరుగుల్లో ఉండాల్సిన నూట తొంభై పిట్టలూ బల్లల మీద వరుసగా వెల్లకిలా పడుకుని, పొట్టల మీద కుంకుమ బొట్లు పెట్టుకుని ఉన్నాయి. పక్కన మైక్రోస్కోపులకు బొట్లు, త్రాసుకు బొట్టు, టేబుల్ ఫ్యానుకు బొట్టు. సాంబ్రాణి వాసన ఇంకా పోలేదు. మా ల్యాబ్ అటెండర్ గుమ్మం పక్కన చేతులు కట్టుకుని, నేను మెచ్చుకుంటానని ఎదురు చూస్తూ నిలబడ్డాడు.

"ఏంటయ్యా ఇది?"

"ఆయుధ పూజ చేశానండీ మేడమ్. మైక్రోస్కోపులకి బొట్లు పెట్టి వీటికి పెట్టకపోతే బాగోదు కదండీ. మీరు చెప్పినట్టే చేతులకి గ్లౌజులేసుకున్నా. రెండు రోజులు పట్టింది."

బొట్ల సంగతి అలా ఉంచుదాం. మెత్తటి బ్రష్షుతో దులిపితే పోతాయి. నేను చూస్తున్నది కాళ్లను. ప్రతి పిట్ట కాలికీ దారంతో కట్టిన చిన్న చీటీ ఉండాలి. ఒక్కదానికీ లేదు.

"చీటీలేవి?"

"బాగా మాసిపోయి ఉన్నాయండీ. పూజలో పెట్టేవాటికి అలాంటివి ఎందుకని ఊడదీశా." నా మొహం చూసి కంగారుపడ్డాడు. "పారేయలేదండీ! ఒక్కటి కూడా పారేయలేదు. కత్తెర కూడా పెట్టలా. ముళ్లన్నీ గోళ్లతోనే విప్పా. దారాలు సబ్బు నీళ్లల్లో నానేసి ఉతికా." బీరువా మీది నుంచి ఒక స్వీట్ల డబ్బా దించి రెండు చేతులతో అందించాడు. అందులో నూట తొంభై చీటీలు, పేకముక్కలు కలిపినట్టు కలిసిపోయి ఉన్నాయి.

నేను కుర్చీలో కూలబడ్డాను. ఈ మనిషి బద్ధకస్తుడైనా బాగుండేది. పదిహేనేళ్లుగా నా దగ్గర పనిచేస్తున్నాడు, చెప్పిన పని ఏనాడూ వదిలిపెట్టలేదు. చెప్పని పని కూడా ఇంత శ్రద్ధగా చేస్తాడని అప్పుడే తెలిసింది.

ఆ పిట్టలు మా కాలేజీవి కావు. తూర్పు కనుమల్లో ఒక కొండ మీద పరిశోధనా కేంద్రం ఉండేది. దానికి నిలువెత్తు అద్దాల కిటికీలు పెట్టారు. శీతాకాలం పొగమంచులో దారి తప్పిన పిట్టలు ఆ అద్దాలకు కొట్టుకుని చచ్చిపడేవి. తెల్లారగానే వాటిని ఏరుకొచ్చి, తోలు ఒలిచి, లోపల దూది కూరి, పొట్ట కుట్టి, ట్రేలో ఆరబెట్టేవాళ్లం. నేను ఎమ్మెస్సీ అయ్యాక పరిశోధన కోసం అక్కడ మూడేళ్లున్నాను. కేంద్రాన్ని నడిపిన సారుది బెజవాడే. కేంద్రం మూతపడినప్పుడు పిట్టలను లారీలో వేయించి తమ ఊరికే తెచ్చుకున్నారు. అప్పటికి ఇక్కడ లెక్చరర్‌గా చేరిన నా మెడకు చుట్టుకున్నాయి. చలికొండ మీది పిట్టలను బెజవాడ ఎండల్లో, వానాకాలం చెమ్మలో, పురుగు పట్టకుండా ఇన్నేళ్లు కాపాడటం ఎంత పనో, సారు పోయాక ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలియలేదు.

చీటీ లేని పిట్ట ఈకలూ దూదీ తప్ప మరేం కాదు. ఎక్కడ దొరికింది, ఏ రోజు దొరికింది, రెక్క పొడవు ఎంత అన్నది ఆ చీటీలోనే ఉంటుంది. ఇదే మాట ప్రతి ఏడూ కొత్త బ్యాచ్‌కు చెబుతాను. అటెండర్ అక్కడే నిలబడి పదిహేనుసార్లు విన్నాడు.

ఇంకో రెండు వారాల్లో ఒక పెద్ద మ్యూజియం నుంచి పరిశోధకురాలు వస్తోంది. అన్నీ సరిగ్గా ఉంటే పిట్టలన్నిటినీ వాళ్లు తీసుకుపోయి, ఏసీ గదుల్లో పదిలంగా దాస్తారు. వాళ్లు కాదంటే ఆ గది స్మార్ట్ క్లాస్‌రూమ్ అవుతుంది, పిట్టలు మున్సిపాలిటీ బండెక్కుతాయి. ఈ మాట మా ప్రిన్సిపాల్ గారు ఎంతో మర్యాదగా, రెండుసార్లు టీ ఇప్పించి మరీ చెప్పారు. చీటీలు కలిసిపోయాయని చెబితే ఆయన నవ్వేశారు.

"అన్నీ పిట్టలే కదండీ మేడమ్. ఏ పిట్టకి ఏ చీటీ కడితే ఎవరికి తెలుస్తుందండీ?"

నాకు తెలుస్తుందండీ అన్నాను. ఆ తర్వాత పదిరోజుల్లో ఆ మాట నాకెన్నిసార్లు గుర్తొచ్చిందో.

వస్తున్నావిడ ఉత్తరంలో ఒక పిట్ట గురించి ప్రత్యేకంగా రాసింది. అది ఉల్లంకి. బెత్తెడు ముక్కు, గోధుమరంగు చారలు, వరి మళ్ల బురదలో బతికే పిట్ట. మా కృష్ణా డెల్టాలో కాలవగట్టున నడిచే ఎవరైనా చూసి ఉంటారు. అలాంటిది ఆ ఎత్తున, కొండ మీద, నాకు దొరికింది. ఒక ముసురు పొద్దున ట్రేలో నేనే దాన్ని గుర్తుపట్టి, రెక్క కొలిచి, చీటీ రాసి కట్టాను. సారు చిన్నపిల్లాడిలా గంతులేశారు. కొండ దాటుకుంటూ వలస పోయే ఉల్లంకి మీద నేను రాసిన వ్యాసం అచ్చయింది, దాన్ని పట్టుకునే నాకు డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగినవాళ్లంతా ఆ పిట్ట గురించే అడిగారు. పిట్టలు పుస్తకాలు చదివి బతకవు అని పిల్లలకు నేను చెప్పే డైలాగ్ ఆ పిట్టను చూపిస్తూ చెప్పేదే. మిగతావన్నీ మామూలువే, ఆ ఉల్లంకి ఉండబట్టే వీటిని అడుగుతున్నాం అన్నట్టుగా ఉంది ఆవిడ ఉత్తరం.

అదృష్టవశాత్తూ ఉల్లంకి ఒక్కటే. దాని చీటీ వెతికి ముందు దానికే కట్టేశాను. ఒక్కొక్కటే ఉన్న జాతులు ఇంకో ముప్పై దాకా ఉంటే, వాటి పని కూడా మధ్యాహ్నానికి అయిపోయింది. అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలైంది. ఒకే జాతివి పదీ పన్నెండూ ఉన్నాయి, బూడిదరంగు బుల్లి పిట్టలైతే ఇరవై మూడు. చీటీ మీద రాసిన రెక్క పొడవుతో పోలుద్దామని స్కేలు పట్టుకుని కూర్చుంటే, నాలుగింటికి ఒకే కొలత. మూడు రోజులు గన్నవరంలో మా ఇంటి నుంచి బస్సులో రావడం, కళ్లు పీకేదాకా కొలవడం, అటెండర్ అందించిన చీటీ కాదని విసుక్కోవడం, మళ్లీ బస్సెక్కడం. అతను ఏమన్నా నాకు ఒళ్లు మండుతోంది, ఏమీ అనకపోయినా మండుతోంది.

నాలుగో రోజు ఇక లాభం లేదని పటమటలో సాయిబు గారి పరుపుల దుకాణానికి వెళ్లాను.

కొండ మీద పిట్టలను కుట్టింది ఆయనే. సారు ఒకసారి బెజవాడలో పరుపు కుట్టించుకుని, ఆ కుట్టు పని చూసి ముచ్చటపడి, జీతం ఇస్తానని ఆయనను కొండెక్కించారు. దూది కూరి కుట్టడం వాళ్లకు తాతల నాటి పని. నేను ఒక పిట్ట తోలు చిరగకుండా ఒలవడం నేర్చుకునేలోపు ఆయన పాతిక పిట్టలు కుట్టి ఆరబెట్టేవారు. కేంద్రం మూతపడ్డాక మళ్లీ పరుపుల్లోకి వచ్చేశారు. ఇప్పుడు డెబ్బై దాటాయి.

సంగతంతా విని కళ్లజోడు తుడుచుకున్నారు. "వస్తానమ్మా. శుక్రవారం తర్వాత వస్తా. పెళ్లి పరుపులున్నాయి."

"సాయిబు గారూ, నాకు పది రోజులే ఉందండీ!"

"పెళ్లి వాళ్లకి నాలుగు రోజులే ఉందమ్మా. మీ పిట్టలకి తొందరేముంది, అవి పోయి ముప్పై ఏళ్లాయె."

చెప్పినట్టే శనివారం వచ్చారు. ఆయనది చాలా పద్ధతైన పని, చూసేవాళ్లకు పిచ్చెక్కించే పని. పిట్టను అరచేతిలో వెల్లకిలా పెట్టుకుని, పొట్ట ఈకలను ఊదుతూ విడదీసి, లోపలి కుట్టు చూస్తారు. సెలవుకు బెజవాడ వచ్చినప్పుడల్లా ఒక దారం కండె కొనుక్కుని కొండకు తీసుకెళ్లేవారట, ప్రతిసారీ ఒక రంగు. దారం రంగును బట్టి అది ఏ సెలవు తర్వాత కుట్టినదో ఆయనకు తెలుస్తుంది. అక్కడికి బాగానే ఉంది. ఆ సెలవు ఏ నెలలో అన్నది మాత్రం ఆయనకు తేదీల్లో గుర్తులేదు.

"నీలం దారమా? మా పెద్దమ్మాయి పుట్టింది ఆ సెలవులోనే."

"పెద్దమ్మాయి ఎప్పుడు పుట్టిందండీ?"

"మా తోడల్లుడు అజిత్‌సింగ్ నగర్‌లో ఇల్లు కట్టుకున్న ఏడు."

అలా తోడల్లుడి ఇల్లు, ఆ ఇంటి గోడ గొడవ, గోడ గొడవలో పెద్దమనిషిగా వచ్చినాయన, ఆయన కొడుకు నిఖా, అన్నీ విన్నాక నవంబరు అని తేలేది. నవంబరు చీటీల్లోంచి కొలత సరిపోయేది తీస్తే కచ్చితంగా సరిపోయేది. మధ్యలో నమాజుకు వెళ్లి వచ్చేవారు, గంటకోసారి టీ అనేవారు, నేను తొందరపెడితే ఇంకా నెమ్మదించేవారు. అటెండర్ ఆయన పక్కన స్టూలేసుకుని, చీటీలు అందిస్తూ, తోడల్లుడి కథలో ఎక్కడ ఆపారో గుర్తుచేసేవాడు. నాకు తప్ప అందరికీ హాయిగానే ఉంది. నాలుగు రోజుల్లో, ఒక్కటి మిగలకుండా, చీటీలన్నీ వాటి వాటి పిట్టల కాళ్లకు చేరాయి. చివరి చీటీ కట్టినప్పుడు నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఇక పొట్టల మీద మిగిలిన కుంకుమ దులపడమే. సాయిబు గారు బ్రష్షు పట్టుకుని ఒక్కోదాన్నీ దులుపుతూ ఉల్లంకి దగ్గరకొచ్చి ఆగారు.

"ఇది ఇంకా ఉందా అమ్మా!"

"ఉండకేం? అదే కదండీ అసలు పిట్ట."

"భలేవారమ్మా మీరు. దీన్ని హనుమాన్ జంక్షన్లో కొన్నా నేను."

నేను సరిగా వినలేదనుకున్నాను. ఆయన మాత్రం సంబరంగా చెప్పుకుపోతున్నారు. సెలవయ్యాక కొండకు తిరిగి వెళుతూ బస్సు మారడానికి అక్కడ, డెల్టాలోనే, దిగారట. రోడ్డు పక్కన వలలవాళ్లు అప్పట్లో పిట్టలు అమ్మేవాళ్లు. కూరకని ప్రాణంతో ఉన్నదాన్ని కొన్నారు. ఆ ముక్కు చూశాక కోయడానికి మనసొప్పలేదు. బుట్టలో పెట్టుకెళితే కొండెక్కేలోపు చచ్చిపోయింది. ఎటూ చచ్చింది కదా, కొత్తరకం పిట్ట, చేయి తిరుగుతుందని కుట్టి చూశారు.

"పొద్దున్నే కుట్టి ట్రేలో పెట్టి టీకి పోయా. వచ్చేసరికి మీరు చీటీ కట్టేశారు."

"మరి చెప్పలేదేం?"

"ఎప్పుడు చెప్పమంటారమ్మా? సార్ గంతులేస్తున్నారు. మీరు ఒకటే ఏడుపు, సంతోషంతో. వంటాయన పాయసం పొయ్యి మీద పెట్టేశాడు. బయటి పిట్టని తెచ్చానంటే నా ఉద్యోగం ఉంటదా? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నా. ఈలోపు మీరు పేపర్లో రాసేశారు."

"ముప్పై ఏళ్లండీ! ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

ఆయనకు కూడా కోపం వచ్చింది. "ఒక్కసారైనా అడిగారా అమ్మా మీరు? కుట్టినవాణ్ణి పక్కనే ఉన్నా. ఇది ఎక్కడిది సాయిబు గారూ అని ఒక్క మాట అడిగితే అప్పుడే చెప్పేవాణ్ణి కదా."

అడగలేదు. ఆ పొద్దున ట్రేలో ఉన్నది కిటికీ కింద ఏరినదే అనుకున్నాను. కుట్టే మనిషిని అడగాల్సింది ఏముంటుందనుకున్నాను. ఇరవై నాలుగేళ్ల వయసు, పీజీలో గోల్డ్ మెడల్, పరుపులు కుట్టే ఆయన్ను అడిగి తెలుసుకునే విషయం ఒకటి ఉంటుందని నా బుర్రకు తట్టలేదు. సిగ్గుగా ఉంది ఇది రాయడానికి, అయినా సంగతి అంతే.

అప్పుడు మా అటెండర్ నోరు తెరిచాడు. "అయితే మేడమ్, నేను చీటీలు ఊడదీయకపోతే ఈ సంగతి బయటపడేదే కాదన్నమాట."

వెళ్లి టీ తెమ్మన్నాను. అతనన్నది నిజమే, అందుకే ఒళ్లు మరీ మండింది.

ఆ సాయంత్రం ఉల్లంకిని ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చీటీ దాని కాలికే ఉంది, నా దస్తూరీతో. ఏమీ చేయకపోతే చాలు. వచ్చేవాళ్లు చూస్తారు, మురిసిపోతారు, నూట తొంభై పిట్టలు బతికిపోతాయి. నిజం చెబితే ఆ ఒక్క పిట్ట కోసం వస్తున్నావిడ ఉత్త చేతులతో వెనక్కి పోతుంది, మిగతావి చెత్తబండి ఎక్కుతాయి. సాయిబు గారు సంచి సర్దుకుంటూ, నా మనసులో మాట చదివినట్టు, "నేనెవరికీ చెప్పనమ్మా, అప్పుడు చెప్పలా, ఇప్పుడూ చెప్పను" అన్నారు. ఓదార్పుగానే అన్నారు. కానీ ఆయన అలా అనకుండా ఉంటే ఆ చీటీని అలాగే వదిలేసేదాన్నేమో. ఈసారి నాకు తెలిసి నా కోసం ఒక మనిషి నోరు మూసుకోవాలి. అది నావల్ల కాలేదు.

పాత చీటీ తీయలేదు. దాని పక్కనే కొత్తది కట్టాను. కొన్న చోటు హనుమాన్ జంక్షన్, మొదటి చీటీ తప్పు, రాసింది నేను అని. అది సరిగ్గా రాసేసరికి రెండు చీటీలు పాడయ్యాయి.

పరిశోధకురాలు గన్నవరంలో విమానం దిగి తిన్నగా కాలేజీకే వచ్చింది. ఇరవై ఏడెనిమిదేళ్లుంటాయేమో, నా వ్యాసం అచ్చయ్యేనాటికి పుట్టి ఉండదు. రాగానే ఉల్లంకి అడిగింది. సొరుగు లాగి చూపించాను. రెండు చీటీలూ చదివింది. సాయిబు గారి కథ చెప్పాను, సమర్థించుకునే మాట ఒక్కటీ కలపకుండా. ఆవిడ అయ్యో అనలేదు, పరవాలేదనీ అనలేదు.

"మిగతావాటిలో మీరు చీటీ కట్టినవి ఎన్ని మేడమ్?" అని మాత్రం అడిగింది.

నేను ఆ లెక్క ఆలోచించనే లేదు. ఉల్లంకి గురించి అన్ని రోజులు కుమిలిపోయాను గానీ, నా చేత్తో కట్టిన మిగతా చీటీల మీద నాకు ఒక్క అనుమానం కూడా రాలేదు. సగానికి పైగా అన్నాను.

ఆవిడ బ్యాగులోంచి భూతద్దం తీసి, కుట్టినాయనను పిలిపిస్తారా అంది. సాయిబు గారు వచ్చారు. మూడు రోజులు వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని మొదటి సొరుగు నుంచి చివరి సొరుగు దాకా పిట్ట పిట్టా చూశారు. ఎవరు కట్టినదైనా ప్రతి చీటీనీ ఆవిడ చదివింది, ఇది కిటికీ కింద దొరికిందేనా అని ప్రతిసారీ ఆయన్ను అడిగింది. నేను అడగాల్సిన ప్రశ్న నూట ఎనభై తొమ్మిదిసార్లు నా ఎదురుగా అడిగింది. ఆయన ఏ ఒక్కసారీ విసుక్కోలేదు. టీ కూడా ఆవిడ ఇచ్చినప్పుడే తాగారు. నా తప్పు ఇంకొకటి ఏదైనా బయటపడుతుందేమోనని నేను ఆ మూడు రోజులూ బల్ల చివర గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఇంకొకటి బయటపడలేదు.

చివరి రోజు వాళ్ల కాగితాలు బల్ల మీద పరిచింది. ప్రతి పిట్టకూ కుట్టినాయన సాక్ష్యం ఉంది కాబట్టి తీసుకుంటామంది. అప్పగించే కాగితం చివర, ఈ పిట్టలు ఫలానా చోట దొరికినవేనని ధ్రువీకరిస్తూ సంతకం చేసే గడి ఉంది. ఇరవై ఐదేళ్లుగా ఈ గదికి ఇన్‌చార్జిని, అలవాటుగా పెన్ను తీశాను. ఆవిడ ఎంతో మర్యాదగా, "ఇక్కడ ఆయనది కావాలండీ" అంది.

సాయిబు గారు కళ్లజోడు సవరించుకుని, కూడబలుక్కుంటూ సంతకం చేశారు. కింద హోదా అని ఉంటే ఏం రాయాలమ్మా అని నన్నే అడిగారు. మీరేం రాయమంటే అది అన్నాను. పరుపులు కుట్టే పని అని రాయించుకున్నారు.

తర్వాత ఆవిడ ఇంకో కాగితం తీసి నా ముందు పెట్టింది. అది ఒక్క ఉల్లంకికి, మొదటి చీటీ తప్పని ఒప్పుకునే కాగితం. దాని మీద నన్ను సంతకం చేయమంది.